మాట వినని వీరులు

నా ఉద్యోగ జీవితం ఆత్మకూరులో, ఒక విత్తనాల కొట్టు పైనున్న రెండు గదుల్లో ముగిసింది. అంతకుముందు చాలా ఏళ్ళు హైదరాబాదులో బ్యాంకుల సాఫ్టువేరులో తప్పులు వెతికాను. చివర్లో మాత్రం నన్నొక రాజ్యానికి కాపలా పెట్టారు. రాజ్యమంటే కంప్యూటర్లో ఆడే ఆట. కోట, కొలిమి, గుడి, మాంత్రికుల మేడ, పూటకూళ్ళ ఇల్లు, చుట్టూ అడవి, అడవినిండా రాక్షసులు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఆ ఆటకి మీరు పనిచేశారంట కదా సార్, మీ పేరెక్కడా కనపడదే" అని అడుగుతుంటారు. అందరికీ కలిపి ఒక్కసారి చెప్పేస్తే నాకూ ఒక పనైపోతుంది.

కరోనా రోజుల్లో మా కంపెనీ హైదరాబాదు అద్దెలు మోయలేక పనిని ముక్కలు చేసి చిన్న ఊళ్ళకు పంచింది. నాది ఈ ప్రాంతం కాబట్టి ఆత్మకూరు ముక్కను నా నెత్తిన పెట్టారు. మాకు అప్పగించినవి కోటలూ కొండలూ కాదు, వీరుల బుద్ధులు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మామూలు ఆటల్లో వీరుడి మీద నొక్కి, ఫలానా చోటికి పో అంటే పోతాడు. మా ఆటలో పోడు. రాజు, అంటే ఆట ఆడేవాడు, ఇళ్ళు కట్టించవచ్చు, కొలిమిలో మంచి కత్తులు చేయించవచ్చు, రాక్షసుడి గుహ మీద జెండా పాతి బహుమానం ప్రకటించవచ్చు. అంతటితో రాజు పని సరి. వెళ్ళాలో వద్దో వీరుడి ఇష్టం. ఆకలేస్తే పూటకూళ్ళ ఇంటికి పోతాడు, భయమేస్తే వెనక్కి పరిగెత్తుతాడు, బుద్ధి పుడితే యుద్ధం మధ్యలో పూలమొక్క దగ్గర నిలబడతాడు. ఇదంతా ఇంట్లో చెబితే మా ఆవిడ, "అది ఆట ఎట్టా అయితాది, సంసారం గదా" అంది. ఆ ఆట గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళు మా కంపెనీలో కూడా లేరు.

నాతో పాటు ముగ్గురు. కోడ్ రాసే అతనిది దుత్తలూరు పక్క పల్లె, మెట్ట సేద్యం చేసే ఇల్లు. బెంగళూరు ఉద్యోగం వదిలేసి, పెళ్ళాం పిల్లల్తో వచ్చేసి, ఆత్మకూరులో కాపురం పెట్టాడు. మాటకు మాట చెప్పే రకం కాదు. ఏదైనా అడిగితే చేసి చూపిస్తాడు. బొమ్మలు వేసే అమ్మాయిది ఉదయగిరి. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి చెక్క చెంచాలు, గరిటెలు చెక్కుతారు. ఏ వీరుడినైనా ముందు చెక్కలో చెక్కి, చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాతే కంప్యూటర్లో వేసేది. హైదరాబాదుకు పంపేది లేదని ఇంట్లో అప్పటికే తేల్చి చెప్పారట. "పొద్దున బస్సెక్కి రాత్రికి ఇంటికి పోయే దూరంలో నాకు ఇంకో ఆఫీసు యాడుంది సార్" అని నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నా అది నిజమని మా అందరికీ తెలుసు.

మూడో మనిషి డ్రైవరు. ఇంకేమని పిలవాలో నాకిప్పటికీ తెలియదు. మర్రిపాడు వైపు మనిషి. బద్వేలు రోడ్డు మీద లారీ తోలి తోలి నడుం పాడైపోయింది. ఒకసారి కింది కొట్టుకు విత్తనాల మూటలు దించడానికి వచ్చి, మంచినీళ్ళ కోసం మేడెక్కాడు. తెర మీద వీరులు తిరుగుతుంటే నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఈడెవుడు సార్, జెండా అటుంటే ఇటు పోతన్నాడు?" అన్నాడు. వాడిష్టం అన్నాను. "అట్టయితే నేను ఆడతా" అని కూర్చున్నాడు. మాకు రోజంతా ఆడి తప్పులు పట్టే మనిషి కావాలి. ఆయనకు కూర్చుని చేసే పని కావాలి. అలా కుదిరింది.

ఆయన ఆడుతుంటే గదిలో లారీ స్టాండు కళ వచ్చేది. వీరులతో మాట్లాడేవాడు. "యాడికి రా, అన్నం తిని గంట కాలేదు, మళ్ళా పూటకూళ్ళింటికా?" అని తిట్టేవాడు. ఆ తిట్లు వింటూ కోడ్ రాసే అతను ఆకలి ఎంత ఉండాలో సరిచేసేవాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నడిచే డ్రైవరు నడకను చూసి, బొమ్మలమ్మాయి ఒక ఈటె వీరుడికి అదే నడక పెట్టింది. ఆయన గుర్తుపట్టి, "నన్ను చచ్చేదాకా యుద్ధానికి పంపిస్తారన్నమాట" అని మురిసిపోయాడు.

ఒకరోజు ఆటలో మొదటిసారి ఒక వీరుడు చచ్చిపోయాడు. కోట గుమ్మం ముందే పడ్డాడు. మిగిలినవాళ్ళు జెండా వైపు పోతూ అతని మీదుగా అడుగేసి వెళ్ళిపోయారు. డ్రైవరు మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఏంది సార్ ఇది? చచ్చినోణ్ణి దాటుకోని పోతారా?"

ఆటల్లో అలాగే ఉంటుందయ్యా అన్నాను.

"ఉండొచ్చు. మా రోడ్డు మీద ఒక డ్రైవరు పోతే ఏ ఊరి బండైనా ఆగుద్ది. ఒకడు శవం ఎంబడి పోతాడు, ఒకడు ఆ బండిని ఇల్లు చేరుస్తాడు. సరుకు ఆలస్యమైందని ఓనరు తిడతాడు. తిట్టనీ."

కోడ్ రాసే అతను తిరిగి చూశాడు. "అందరూ వస్తే ఎట్టా అన్నా? ఎవురెవురు రావాల?"

డ్రైవరు కాస్త ఆలోచించాడు. "కలిసి అన్నం తిన్నోళ్ళు రావాల" అన్నాడు.

మర్నాటికి అది ఆటలోకి వచ్చేసింది. ఒక వీరుడు చస్తే, అతనితో ఎప్పుడైనా పూటకూళ్ళ ఇంట్లో ఒకే బల్ల మీద తిన్నవాళ్ళు ఎక్కడున్నా సరే, చేస్తున్న పని ఆపి వస్తారు. నలుగురు భుజాన వేసుకుంటారు, మిగిలినవాళ్ళు వెనక నడుస్తారు. ఊరి బయట పూడ్చి వెనక్కి వస్తారు. చూడ్డానికి ఎంత బాగుండేదంటే, బొమ్మలమ్మాయి ఆ నడక కోసమే వారం రోజులు పనిచేసింది. నేను కూడా పక్కన కూర్చుని, భుజం మార్చుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగాలి, అని సలహాలిచ్చాను.

ఆ నలుగురు భుజం మార్చుకునే సమయానికి రాక్షసులు కోట తలుపు దగ్గరికి వచ్చేస్తారన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తట్టలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా కిటికీ కింద నుంచి శవయాత్ర పోతే విత్తనాల కొట్టాయన షట్టరు సగానికి దించేవాడు. బేరం మధ్యలో ఉన్న రైతు కూడా నోరు మూసుకుని నిలబడేవాడు. మేము కూడా కీబోర్డుల మీద నుంచి చేతులు తీసేవాళ్ళం. అందులో వింతేముందని మాకనిపిస్తుంది? ఎంతమందితో కలిసి తింటే అంతమంది వస్తారు కాబట్టి, అందరికీ కావలసిన మంచి వీరుడు చచ్చిపోతే రాజ్యమే పోయేది. డ్రైవరు చాలాసార్లు అలా ఓడిపోయాడు. ఓడిపోయి, "పెద్ద మనిషి పోయినప్పుడు అంతే మరి" అనేవాడు తప్ప దాన్ని తప్పుగా రాయలేదు.

తప్పని చెప్పింది హైదరాబాదులోని మా పెద్ద మేడమ్. వీడియోలో మా పని చూసి అడిగింది.

"శత్రువులు తలుపు బద్దలు కొడుతున్నారు. మీవాళ్ళు శవాన్ని మోసుకుని ఊరవతలికి పోతున్నారు. ఇది పొరపాటా, కావాలని చేశారా?"

"కావాలనే మేడమ్" అన్నాను.

"ఆడేవాళ్ళు ఒప్పుకోరండీ. ఒక్కసారి ఇలా ఓడితే మళ్ళీ ఆట తెరవరు. తీసేయండి. ఈసారి నేనే ఆత్మకూరు వస్తాను, మీ టీమ్‌ని కూడా చూస్తాను. సంతృప్తిగా లేకపోతే ఆ పని ఇక్కడికే తెప్పించుకుంటాం." కోపంగా అనలేదు. ఆవిడ మీద కూడా ఎవరో ఉంటారు కదా.

తెప్పించుకోవడమంటే ఆఫీసు మూసేయడం. నేను ఎలాగూ రిటైరయ్యే మనిషిని, నాకు పోయేదేమీ లేదు. పోతే వాళ్ళ ముగ్గురికే పోతుంది. బొమ్మలమ్మాయి ముందుగా మాట్లాడింది. "అది తీసేస్తే మన వీరులకీ మిగతా ఆటల్లో బొమ్మలకీ తేడా ఏముండాది సార్?" కోడ్ రాసే అతను నా వైపు చూశాడు. తేల్చి చెప్పింది డ్రైవరే.

"పాపా, నువ్వు తెల్లారి బస్సెక్కి వచ్చేది ఆ బొమ్మల్ని మోయించడానికా? ఆఫీసు నిలబడాల. పెట్టమన్నది నేనే గదా, నేనే తియ్యమంటన్నా. తీసెయ్ అబ్బయ్యా."

తీసేశారు. ఆ తర్వాత కొన్ని వారాలు డ్రైవరే దాన్ని ఆడి చూశాడు. వీరులు చచ్చినవాణ్ణి దాటుకుని చక్కగా పోరాడేవాళ్ళు. రాజ్యం నిలబడేది. సరిగ్గా ఉందని రాసేవాడు. అయితే ఎవరైనా పడబోతుంటే మాత్రం నీళ్ళు తాగే నెపంతో కుర్చీలోంచి లేచేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

మేడమ్ వచ్చే రోజు పొద్దున్నే కోడ్ రాసే అతని ఫోను. "అన్న పోయినాడు సార్" అన్నాడు. ఏ అన్న అని అడిగాను. నిజంగా అర్థం కాలేదు. "మన డ్రైవరన్న. పొద్దున మొహం కడుక్కుంటా పడిపోయినాడంట. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది."

మంచం మీద కూర్చున్నాను. అవతల అతను, "నేను బండి మీద పోతన్నా సార్. పాప గూడా ఉదయగిరి నుంచి అట్టే వచ్చేస్తా ఉండాది" అంటున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పుడు నా నోటికి వచ్చిన మొదటి మాట, "మరి రివ్యూ?" అని.

"అన్నీ సిద్ధంగా పెట్టినా. మీరు చూపించండి సార్."

"ఆవిడ టీమ్‌ని చూడ్డానికే వస్తోందయ్యా. మధ్యాహ్నం దాకా ఉండి పోరాదా? శవాన్ని సాయంత్రం దాకా ఎత్తరు కదా."

బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. నాకు ఒళ్ళు మండింది. నా కోసమా నేను అడిగేది? ఆ కోపంతోనే బొమ్మలమ్మాయికి ఫోన్ చేశాను. బస్సులో ఉంది. ఒక్క పూట ఆగితే ఆఫీసు నిలబడుతుందమ్మా, నీకు పెద్ద జీతానికి నేనే స్వయంగా రాస్తాను, నువ్వు ఒక్కదానివైనా రా, అని బతిమాలాను. అంతా విన్నది. ఏడుస్తున్న గొంతుతో, చాలా మెల్లగా, "సార్, మీరు జెండా పాతతన్నారు" అంది.

ఫోన్ పెట్టేశాను. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళాను.

మేడమ్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మంచి మనిషే. సంగతి చెబితే నిజంగానే బాధపడింది. "మిగతా ఇద్దరూ?" అంది. అక్కడికే వెళ్ళారని చెప్పాను. "మీరు చెప్పినా ఉండలేదా?" అంది. లేదన్నాను. ఆవిడ తలూపి, తొందరగా చూసేసి మిమ్మల్ని వదిలేస్తామండీ, అంది.

డ్రైవరు కుర్చీలో కూర్చుని ఆట మొదలుపెట్టాను. బాగానే నడిచింది. వీరులు తిన్నారు, కత్తులు కొనుక్కున్నారు, జెండాల దగ్గరికి వెళ్ళారు. రాక్షసులు కోట మీదికి వచ్చారు. గుమ్మం దగ్గర ఒక విలుకాడు పడ్డాడు. వెనకనుంచి ఈటె వీరుడు వచ్చాడు, నడుం మీద చెయ్యి పెట్టుకుని. ఒక్క క్షణం కూడా ఆగలేదు. విలుకాడి మీదుగా కాలు తీసి అవతల వేసి, రాక్షసుడిని పొడిచాడు.

"చాలా బాగుందండీ. సరిగ్గా ఇదే కావాలి" అంది మేడమ్.

నాకు ఆ తర్వాత తెర కనిపించలేదు. ఆ నడక డ్రైవరుది, ఆ అడుగు డ్రైవరుది కాదు. ఆయన అలా దాటి పోయే మనిషి కాడు. మా ముగ్గురి అన్నం కోసం దాటడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన్ని మర్రిపాడు అవతల ఇంటి ముందు పడుకోబెట్టి ఉంటే, నేను ఆయన కుర్చీలో కూర్చుని ఇది చూపిస్తున్నాను. లేచి నిలబడ్డాను.

"మేడమ్, నేను వెళ్ళాలి."

"ఇంకా సగం ఉంది కదండీ."

"మీరు ఆడి చూడండి. అన్నీ బాగానే ఉన్నాయి. తాళం కింది కొట్లో ఇవ్వండి."

ఆవిడ నన్ను ఆశ్చర్యంగా చూసింది. "ఈ రోజే నేను రిపోర్టు రాయాలి. మీకు అర్థమవుతోంది కదా?"

అర్థమవుతోందన్నాను. మెట్లు దిగాను. బద్వేలు బస్సు దొరికింది. దారిపొడవునా నేను చేసింది సరైన పనేనా అని ఆలోచించలేదు. ఎత్తేస్తారేమో, అందుకుంటానా లేదా అన్నదొక్కటే ఆలోచన.

అందుకున్నాను. ఊరి మొదట్లో రోడ్డు పక్కన లారీలు ఆపి ఉన్నాయి. ఆ డ్రైవర్లెవరో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదట. బొమ్మలమ్మాయి ఆడవాళ్ళ మధ్యలో డ్రైవరు కూతురి పక్కన కూర్చుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. కోడ్ రాసే అతను పాడె ముందు కొమ్ము భుజాన వేసుకున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఎందుకొచ్చారనీ అనలేదు. నాలుగడుగులు నడిచి, ఆగి, భుజం తప్పించి నాకు చోటిచ్చాడు. బరువుగానే ఉన్నాడు. నా వయసుకు అది కష్టమే, అయినా చెరువు కట్ట దాకా మోశాను.

మేడమ్ రిపోర్టులో అబద్ధమేమీ లేదు. ఆటలో తప్పు సరిదిద్దారు, పని నాణ్యంగా ఉంది, కానీ ముఖ్యమైన రోజున ఆ ఆఫీసులో ఎవరూ ఉండరు, బాధ్యుడు కూడా మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, అని రాసింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణేమో. ఆఫీసు మూసేస్తున్నట్టు కబురు వచ్చింది. కొన్నాళ్ళకు ఆట కూడా బయటికి వచ్చింది. బాగానే ఆడుతున్నారని విన్నాను. అందులో చనిపోయినవాళ్ళను అందరూ దాటుకునే పోతారు. మా పేర్లు లేవు. కోడ్ రాసే అతను పెళ్ళాం పిల్లల్ని తీసుకుని మళ్ళీ బెంగళూరు పోయాడు. బొమ్మలమ్మాయి ఉదయగిరిలో చెంచాలు చెక్కుతోంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తే కులాసాగానే మాట్లాడుతుంది. ఆ కులాసా విన్న రోజు నాకు నిద్ర పట్టదు. ఆ మిగిలిన సగం కూర్చుని ఉంటే ఆమె ఉద్యోగం నిలబడేదేమో. కూర్చోలేకపోయాను. మళ్ళీ ఆ రోజు వచ్చినా కూర్చోలేను. మీరైతే ఏం చేస్తారో నాకు తెలియదు. నన్ను చూసి నేర్చుకోమని మాత్రం చెప్పను.

ఆఫీసు కబురు వచ్చింది డ్రైవరు పెద్దకర్మకు ముందు రోజు. మర్నాడు ముగ్గురం కలిసే వెళ్ళాం. ఆ సంగతి వాళ్ళింట్లో ఎత్తకూడదని దారిలోనే అనుకున్నాం. పందిట్లో పంక్తిలో కూర్చుంటే, ఆయన కూతురు అన్నం వడ్డిస్తూ మా దగ్గర ఆగింది.

"మా నాయన మీ ఆఫీసులో ఏం పని చేసేవాడు సార్? అడిగితే, సైన్యాన్ని చూసుకుంటా ఉండానని ఎగతాళి చేసేవాడు."

"ఎగతాళి కాదమ్మా. నిజమే" అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు, కొంచెం నవ్వింది. తర్వాత మా ముగ్గురినీ చూసి, "ఆ పొద్దు గూడా పని ఇడిసిపెట్టి వచ్చినారు. ఈ పొద్దు గూడా ఆఫీసు మానుకోనే వచ్చినారా?" అంది.

బొమ్మలమ్మాయి తల వంచుకుంది. కోడ్ రాసే అతనే జవాబు చెప్పాడు. "ఈ పొద్దు ఆఫీసు లేదులేమ్మా."

"అయితే తొందరేముంది, నిదానంగా తినండి" అని ఆ పిల్ల ముగ్గురి ఆకుల్లో ఇంకాస్త అన్నం పెట్టింది.